నీలం ఎవరు?

నాలుగు రోజులుగా తెంగ్ యాచియును అందరూ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. నీలం ఎవరు? ఆమె చెబుతున్న జవాబు కూడా ఒక్కటే. తెలియదు.

సోమవారం పదకొండు గంటలకు నేను ఆమె ఆఫీసు ఆరో అంతస్తులోని అద్దాల గదిలోకి వెళ్ళేసరికి ఆమె ఇంకా గురువారం నాటి చొక్కాలోనే ఉంది. ముందు పళ్ళెంలో ఉప్పులో ఊరేసిన పచ్చి పీత ముట్టకుండా ఉంది. సముద్రం పక్కనున్న మా నింగ్‌బోలో ఇంటికి చుట్టాలొస్తే పెట్టే వంటకం అది. తెంగ్‌ది ఉత్తరాన హార్బిన్. మంచులో పుట్టి పెరిగిన మనిషికి పచ్చి పీత ఎలా దిగుతుంది?

"అక్కా, ఇంకో పూట ఈ పీత పెట్టారంటే ఏదడిగినా ఒప్పేసుకుంటాను," అంది. "ఈ మాట మాత్రం మీ కెమెరాలో ఎక్కనీకండి."

విచారణ జరుగుతున్నంతసేపూ మా చొక్కా మీద తగిలించుకునే చిన్న కెమెరా నడుస్తూనే ఉండాలి. అది మా పోలీసు నియమం.

"ఎక్కేసింది," అన్నాను.

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. చేతుల్లో ఉన్న వేడినీళ్ళ ఫ్లాస్కు మూత తిప్పుతూ, మళ్ళీ బిగిస్తూ కూర్చుంది.

జరిగింది ఇది. ఈ సంస్థ డ్రైవరు లేకుండా నడిచే కార్లు తయారు చేస్తుంది. పరీక్ష కార్లు నగరమంతా తిరిగి ప్రతి మలుపునూ ప్రతి గోడనూ చిత్రాలు తీసుకొస్తాయి. వాటిలో ఉత్తర రోడ్ల భాగాన్ని విదేశీ భాగస్వామికి పంపడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. దక్షిణ రోడ్ల భాగానికి ఇవ్వలేదు. ఆ రోడ్లు నౌకాదళ రేవు గోడ వెంబడి పోతాయి. గురువారం మధ్యాహ్నం పన్నెండు నలభై ఏడుకు ఆ దక్షిణ భాగం మొత్తం దేశం దాటిపోయింది. పంపమంటూ కింద కంట్రోల్ రూముకు వచ్చిన సందేశం తెంగ్ కంప్యూటర్ నుంచి, తెంగ్ పేరు మీదే వచ్చింది. "నీలం రోడ్ల భాగం జత చేశాను, వెంటనే పంపండి." అంతే.

నీలం రోడ్లు అనేవి మా ఊళ్ళో లేవు. అందుకని నీలం అంటే ఒక సంకేతమని, ఆ పేరుతో విదేశీ గూఢచారి ఒకడున్నాడని, తెంగ్ వాడి మనిషని భద్రతా కార్యాలయం తేల్చేసింది. ఆ కార్యాలయం పేరు నేను రాయను. మా దేశంలో దాన్ని పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ.

ఫిర్యాదు మొదట మా సైబర్ పోలీసులకు వచ్చింది కాబట్టి ఈ మధ్యాహ్నం ఒంటిగంట దాకా కేసు నాది. ఒంటిగంటకు వాళ్ళ కారు వస్తుంది. తెంగ్ ఆ కారెక్కితే మళ్ళీ ఎన్ని నెలలకు కనిపిస్తుందో ఎవరికీ తెలియదు. ఏ ఊళ్ళో ఉంచారో ఆమె భర్తకు కూడా చెప్పరు. నీలం ఎవరని మాత్రం రోజూ అడుగుతారు. లేని మనిషి పేరు చెప్పేదాకా అడుగుతారు.

"గురువారం ఆ టైముకి ఎక్కడున్నావు?" అన్నాను.

"నిద్రలో."

"ఎక్కడ?"

"నా బల్ల పక్కనే, మడత మంచం మీద. కళ్ళకు గంతలు, చెవుల్లో దూది."

"చూసినవాళ్ళున్నారా?"

"అరవై మంది ఉన్నారక్కా. వాళ్ళూ నిద్రలోనే ఉన్నారు."

మా ఆఫీసుల్లో మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీయడం అన్నం తిన్నంత మామూలు. ఈ సంస్థలో పన్నెండున్నరకు హాల్లో దీపాలు ఆరిపోతాయి, కిటికీలకు తెరలు దిగుతాయి, బల్లల కింది నుంచి అరవై మడత మంచాలు బయటికొస్తాయి. పోయినేడాది మేనేజరు గురక పెడుతున్న వీడియో ఊరంతా తిరిగింది. అప్పటి నుంచి ఆ గంటసేపు హాల్లోని కెమెరాలు కూడా ఆపేస్తున్నారు. పట్టపగలు, అరవై మంది మధ్యలో జరిగిన నేరానికి ఒక్క సాక్షి లేడు.

"కంప్యూటర్‌కి తాళం వేసుకోలేదా?"

"లెక్కలేవో నడుస్తున్నాయి. తాళం వేస్తే ఆగిపోతాయి. అందుకని వెలుతురు తగ్గించి వదిలేశాను." ఫ్లాస్కు మూత ఆగింది. "ఎవడో నా కుర్చీలో కూర్చుని నా తల పక్కనే టైపు చేశాడక్కా. నేను కలలో మా అమ్మ చేసిన కుడుములు తింటున్నాను."

నాకు ఆ పిల్ల మీద నమ్మకం శుక్రవారమే కుదిరింది. కానీ నమ్మకాన్ని ఎవరు లెక్క చేస్తారు?

తలుపు తట్టకుండానే తెరుచుకుంది.

"ఇన్‌స్పెక్టర్ లియె, ఇంకా అయిపోలేదా?"

గెంగ్ బోవెన్. భద్రతా కార్యాలయం మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తని మాట. ఆయన కార్డుకు ఈ భవనంలో తెరుచుకోని తలుపు లేదు, ఆ కార్డు ఎక్కడ తిరిగిందో ఏ యంత్రంలోనూ నమోదు కాదు.

నా ఇంటిపేరు నియె. పాత లిపిలో రాస్తే మూడు చెవుల బొమ్మలు ఒకచోట పేర్చినట్టుంటుంది. లియె అంటే మా భాషలో నాసిరకం అని అర్థం. ఈ పెద్దమనిషి శుక్రవారం నుంచి నన్ను ఇన్‌స్పెక్టర్ నాసిరకం అనే పిలుస్తున్నాడు. మొదటిరోజు ఒళ్ళు మండింది. రెండోరోజు వినబడనట్టు ఊరుకున్నాను. ఈ రోజు మళ్ళీ మండింది.

"ఒంటిగంట దాకా కేసు నాది," అన్నాను.

"మీదే. కాదన్నదెవరు? లింగ్‌బో పోలీసులు మధ్యాహ్నం పూట మెలకువగా ఉండటమే గొప్ప. మీ ఓపిక చూస్తుంటే ముచ్చటేస్తోంది." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒక్క మాట చెప్పి పోదామని వచ్చాను. ఆ సందేశాన్ని నిన్న సాయంత్రం దేశ రహస్యంగా ప్రకటించాం."

"నేను దాన్ని శుక్రవారమే చదివాను."

"అందుకే చెబుతున్నా. ఇప్పుడు మీరు రహస్యం తెలిసిన మనిషి. అందులోని మాట మీ నివేదికలో రాయకూడదు. మీ పై అధికారికి చెప్పకూడదు. ఇంట్లో నిద్రలో కలవరించకూడదు."

"అందులోని మాట రాయకుండా ఈ పిల్ల తప్పు లేదని ఎలా రాయను?"

"రాయకండి," అన్నాడు గెంగ్. "హాయిగా ఇంటికెళ్ళండి. శుక్రవారం ఉదయం నేను ఈ భవనంలో మొదటిసారి అడుగుపెట్టినప్పుడే కేసు తేలిపోయింది. మీరు అనవసరంగా నాలుగు రోజులు మెట్లెక్కి దిగారు."

తెంగ్ నా వైపు చూసింది. గెంగ్ మా ఫోన్లు ముందే కింద పెట్టెలో పెట్టించాడు, ఇప్పుడు నోటికి కూడా తాళం వేశాడు. ఆయన వెళ్ళిపోయాక ఆ అద్దాల గదిలో గాలి చాలనట్టనిపించింది.

కంట్రోల్ రూము మొదటి అంతస్తులో ఉంది. దీపాలు, తెరలు, స్పీకర్లు, విదేశానికి డేటా పంపే ద్వారం, అన్నీ అక్కడ పాంగ్ అనే ఒక్క మనిషి చేతిలోనే ఉంటాయి. యాభై దాటినవాడు, మా ఊరివాడే. నన్ను చూడగానే లేచి నిలబడి టీ గ్లాసు వెనక్కి దాచాడు.

"దాచకండి. నాక్కూడా పోయండి," అన్నాను. "గురువారం ఆ సందేశం వచ్చినప్పుడు మీరు మెలకువగా ఉన్నారా?"

"ఉన్నానని రాసిచ్చాను కదండీ."

"రాసింది చదివాను. ఇప్పుడు అడుగుతున్నాను."

పాంగ్ టీ పోశాడు. గ్లాసు నా ముందు పెట్టాడు. "ఒక కన్ను మూసే ఉంది," అన్నాడు. "టింగుమని మోగింది. తెంగ్ పేరు కనబడింది. రోజూ పంపే పిల్లే కదా అని మీట నొక్కాను. లోపల నీలం ఉందో పచ్చ ఉందో ఎవరు చూశారండీ?"

"ఆ పూట బయటివాళ్ళెవరైనా పైకి వెళ్ళారా?"

"ఒక కన్ను మూసే ఉందన్నాగా. రెండోది కూడా పెద్దగా తెరుచుకోలేదు." తల దించుకున్నాడు. "ఆ పిల్ల నాకు చలికాలంలో చేతితొడుగులు అల్లి ఇచ్చింది. ఆమె మీదికి ఇంత వస్తుందని తెలిస్తే మధ్యాహ్నం నిద్ర జన్మలో పోయేవాణ్ణి కాదు."

"గురువారం మామూలు రోజులకంటే తేడాగా ఏమైనా జరిగిందా? ఎంత చిన్నదైనా సరే."

పాంగ్ ఆలోచించాడు. "వాన పెట్టాను."

"వానేమిటి?"

"రోజూ నిద్రవేళ స్పీకర్లో వేణువు పెట్టేవాణ్ణి. విని విని విసుగొస్తోందని పైన పిల్లలు గొడవ చేస్తే, వాన చప్పుడు రికార్డు సంపాదించి గురువారం మొదటిసారి పెట్టాను. బాగుందన్నారు. కానీ మర్నాడే హాలు మూసేశారు. పిల్లల్ని ఐదో అంతస్తుకు దించేశారు. దీపాలు కూడా ఆర్పొద్దని గెంగ్ గారి ఆర్డరు. నా వాన ఒక్కరోజు ముచ్చటే అయింది."

ఆ మాట అప్పుడు నాకు పెద్ద విశేషంగా అనిపించలేదు. గొణుగుతున్న మనిషిని గొణగనిచ్చాను.

"ఆయన ఆర్డర్లు మాకు అర్థమై చావవు," అన్నాడు పాంగ్. "అంత ఘోరం జరిగాక ద్వారం మూసేస్తారు కదా ఎవరైనా? ఈయన మూయొద్దన్నాడు. నీలం అనే పేరుతో ఏది వచ్చినా ఆపకుండా, అడగకుండా పంపెయ్యమన్నాడు. అలా వదిలితేనే వెనకాల వెళ్ళి ఆ నీలాన్ని పట్టుకుంటారట. తెంగ్ కంప్యూటర్ లైను కూడా అందుకే పీకనివ్వలేదు."

"పంపితే ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికేంటండీ. ఈ ద్వారానికి అవతలి కొస ఒక్కటే. విదేశానికి."

గడియారం చూశాను. పన్నెండు కావస్తోంది. "నాకో పని చేసిపెట్టండి. సరిగ్గా పన్నెండున్నరకు పైన గురువారం చేసినట్టే చెయ్యండి. దీపాలు, తెరలు, వాన, అన్నీ. ఆ చీకట్లో ఏం కనబడుతుందో, ఏం వినబడుతుందో చూడాలి."

"ఆర్డరు ఎవరిదని రాసుకోను?"

"ఒంటిగంట దాకా నాదే," అన్నాను.

తెంగ్‌ను అద్దాల గదిలోంచి హాల్లోకి తీసుకొచ్చాను. ఎవరూ లేని అరవై బల్లలు, వాటి కింద మడిచిపెట్టిన అరవై మంచాలు. ఆమె కంప్యూటర్ మీద నేనే శుక్రవారం అతికించిన పోలీసు ముద్ర ఉంది. కెమెరా ముందు పెట్టి దాన్ని విప్పాను.

"ఇక్కడ కూర్చో. ఆ సందేశాన్ని నువ్వే పంపుతున్నట్టయితే ఎలా టైపు చేసేదానివో చెయ్యి. పంపకు."

మా లిపిలో వేల అక్షరాలు. అన్ని మీటలు ఎవరు చేయగలరు? అందుకని మాట శబ్దాన్ని రోమన్ అక్షరాల్లో కొడతాం, తెర మీద ఆ శబ్దానికి సరిపోయే మా అక్షరాలు వస్తాయి, కావలసినది ఎంచుకుంటాం. తెంగ్ వేళ్ళు చకచకా కదిలాయి. తెర మీద 'దక్షిణ రోడ్ల భాగం' అని వచ్చింది.

"నీలం ఏది?" అన్నాను.

"నీలం నేనెందుకు కొడతాను? ఫోల్డర్ పేరు దక్షిణ రోడ్ల భాగం."

"నువ్వు దక్షిణం అని ఎలా కొట్టావు?"

"నాన్."

"నీలం కావాలంటే?"

"లాన్."

అనేసి తెంగ్ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నేను కూడా అలాగే ఉండిపోయాను. నాలుగు రోజులు, రెండు కార్యాలయాలు, పది మంది అధికారులు. ఆ సందేశాన్ని అందరం కళ్ళతో చదివాం. ఒక్కళ్ళం కూడా నోటితో అనలేదు.

"అక్కా," అంది తెంగ్ మెల్లగా. "మా హాస్టల్లో నాన్‌జింగ్ పిల్ల ఒకతి ఉండేది. తన ఊరి పేరు తనే లాన్‌జింగ్ అనేది. అంటే నీలి తిమింగలం. నాలుగేళ్ళు దాన్ని తిమింగలం అనే పిలిచాం. దానికి ఎందుకు నవ్వుతున్నామో అర్థమయ్యేది కాదు. న, ల రెండూ దాని చెవికి ఒక్కటే."

"అలాంటి వాళ్ళు టైపు చేసేటప్పుడు తప్పులు రావా?"

"రావు. వాళ్ళ ఫోన్లలో, కంప్యూటర్లలో ఒక సర్దుబాటు ఉంటుంది. అది పెట్టుకుంటే లాన్ అని కొట్టినా దక్షిణం కూడా చూపిస్తుంది. జీవితమంతా దాని మీదే బతికేస్తారు." తన కంప్యూటర్లో ఆ సర్దుబాటు తెరిచి చూపించింది. అది ఆపి ఉంది. "హార్బిన్ వాళ్ళకు దీనితో పనేంటి? నేనెప్పుడూ పెట్టుకోలేదు."

వేరొకరి కంప్యూటర్. మసక తెర. పక్కనే నిద్రపోతున్న మనిషి. అలవాటుగా లాన్ అని కొట్టాడు, అలవాటుగా మొదటి మాట ఎంచుకున్నాడు. దక్షిణం నీలమైపోయింది. తరవాత ఆ తప్పు ఎవరి కళ్ళబడుతుందోనని భయపడి, దానికే ఒక గూఢచారి వేషం వేసి ఊరి మీదికి వదిలాడు. అంత తెలివి సామాన్యుడికి ఉండదు. ఈ కేసును నీలం వైపు తిప్పే అధికారం ఎవరికుందో వాడికే అది పనికొస్తుంది.

"ఇన్‌స్పెక్టర్ లియె," అన్నాడు వెనకనుంచి గెంగ్.

ఆయన నన్ను వెక్కిరించడం లేదు. శుక్రవారం నుంచి ఒక్కసారి కూడా వెక్కిరించలేదు. నా పేరు ఆయన సరిగ్గానే పలుకుతున్నానని అనుకుంటున్నాడు. ఇంటిపేరులో మూడు చెవులు పెట్టుకుని నేనే వినలేదు.

"ముద్ర ఎందుకు విప్పారు?" అన్నాడు.

"అప్పగించేముందు చివరి తనిఖీ." నా గొంతు మామూలుగానే వచ్చింది, ఎలా వచ్చిందో నాకే తెలియదు. "మీరు తొందరగా వచ్చేశారు."

"కారు బయలుదేరింది. కాగితాలు పూర్తి చేద్దాం."

"మా పద్ధతి ప్రకారం కెమెరా ముందు మూడు ప్రశ్నలు అడగాలి. తీసుకెళ్ళే అధికారి పేరు, సొంత ఊరు, నిందితురాలిని ఏ గేటు నుంచి తీసుకెళ్తారు." మూడోది నిజంగానే మా పద్ధతి. రెండోది నేను అప్పుడే కల్పించాను.

గెంగ్ విసుగ్గా కెమెరా వైపు తిరిగాడు. "గెంగ్ బోవెన్. ఊరు లాన్‌జింగ్. తీసుకెళ్ళేది లాన్ గేటు నుంచి."

పక్కన తెంగ్‌కు దగ్గొచ్చింది. నేను ఆమె పాదాన్ని నా బూటుతో తొక్కాను.

"సరిగ్గా వినబడలేదు," అన్నాను. "ఏ గేటు?"

"లాన్ గేటు. ఉత్తరం గేటు దగ్గర రోడ్డు తవ్వారు." ఒక్కో మాటా విడివిడిగా, చెవిటివాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు. "లాన్. ఇంకేమైనా కావాలా?"

ఆ భవనానికి నీలం గేటు లేదు. ఆ సంగతి ఆయన చెవికి తప్ప హాల్లో మిగతా ఇద్దరికీ తెలుసు.

అయినా అది చాలదు. మాటలో న బదులు ల పలికేవాళ్ళు మా దేశంలో కోట్లమంది. గురువారం ఆయన ఈ హాల్లో ఉన్నాడని ఎలా చెప్పడం? శుక్రవారం మొదటిసారి వచ్చానని ఇందాకే అదే కెమెరా ముందు అన్నాడు. ఆలోచిస్తూ కాగితాలు తిప్పుతున్నాను, ఒకటి రెండుసార్లు తిప్పిన కాగితమే మళ్ళీ తిప్పాను.

అప్పుడు పన్నెండున్నర అయింది. పాంగ్ మాట నిలబెట్టుకున్నాడు. దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. తెరలు బరబరా దిగాయి. పైనున్న స్పీకర్లలోంచి చినుకులు మొదలై, కాసేపట్లో పెంకుల మీద కురుస్తున్న పెద్ద వాన అయింది.

చీకట్లో గెంగ్ గొంతు చిరాగ్గా వినబడింది. "మళ్ళీ ఈ వానా? ఆపమనండి."

నేను కదల్లేదు. తెంగ్ కదిలింది. హార్బిన్ వాళ్ళకు కడుపులో మాట దాగదు.

"మళ్ళీ ఏంటండీ," అంది. "ఈ వాన ఒక్క గురువారమే కురిసింది. మీరు శుక్రవారం కదా వచ్చారు."

కంప్యూటర్ మసక వెలుగులో గెంగ్ ముఖం కొంచెం కనబడుతోంది. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. నా చొక్కా మీద వెలుగుతున్న ఎర్ర చుక్క వైపు చూశాడు.

"ఆ కెమెరా ఇవ్వండి, లియె."

"నా పేరు నియె."

"అదే కదా నేనూ అంటున్నది," అన్నాడు. నిజంగా అర్థం కానట్టు అన్నాడు.

"కెమెరా పోలీసుల ఆస్తి. ఇవ్వను."

ఒక అడుగు ముందుకేసి ఆగాడు. మేమిద్దరం, ఆయన ఒక్కడు. తొందరపడే మనిషి కాడు. "అయితే వినండి. అందులో ఉన్నదాన్ని ఇప్పుడే, నోటిమాటగా, దేశ రహస్యమని ప్రకటిస్తున్నాను. ఈ హాలు దాటించారా, మీరూ ఆవిడా ఒకే నేరం చేసినవాళ్ళవుతారు. దాటించకపోతే నా మనుషులు వచ్చి తీసుకుంటారు. కారులో ఇద్దరికి చోటుంది."

నింపాదిగా నడిచి వెళ్ళాడు. హాలు అద్దం తలుపు మూసుకుంది. నేను పరుగెత్తి నా కార్డు పెట్టాను. పొద్దున ఆకుపచ్చగా వెలిగిన దీపం ఎర్రగా వెలిగింది. అద్దం అవతల గెంగ్ చెవి దగ్గర ఫోను పెట్టుకుని మాకు వీపు చూపించి నిలబడ్డాడు.

నాకు భయమేసింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో తలుపుకు ఇటువైపు నిలబడటం అదే మొదటిసారి. ఫోను లేదు. కిటికీలు తెరుచుకోవు. పాంగ్‌కు కేక వేసినా వానలో వినబడదు. పది నిమిషాల్లో కారు వస్తుంది. తరవాత ఈ కెమెరా ఉండదు, నేనుండను, తెంగ్ ఉండదు. గెంగ్ మాత్రం ఉంటాడు. నీలాన్ని వెతుకుతూనే ఉంటాడు.

వెనక్కి తిరిగాను. అరవై బల్లల చీకట్లో ఒక్క తెర వెలుగుతోంది. లైను పీకనివ్వని కంప్యూటర్.

తెంగ్ కూడా దాన్నే చూస్తోంది.

"ఇందులోంచి మీ స్టేషనుకి పంపలేనక్కా," అంది, నేను అడగకముందే. "దీనికి దారి ఒక్కటే."

తెలుసు. విదేశానికి. భద్రతా అధికారి ముఖమూ, గొంతూ, ఆయన రహస్యమని ప్రకటించిన మాటలూ సరిహద్దు దాటితే, దానికి మా చట్టంలో ఏం రాసి ఉందో నాకు కంఠతా వచ్చు. ఆ చట్టం కిందే నేను పదకొండు మందిని లోపల వేశాను. వాళ్ళలో ఎక్కువమంది తప్పు చేసినవాళ్ళే, ఆ చట్టం మంచిదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. వచ్చే జూన్‌లో మా అమ్మాయి కాలేజీ ప్రవేశ పరీక్ష రాస్తుంది. తల్లి దేశద్రోహి అయితే దాన్ని ఏ కాలేజీ రానిస్తుంది?

కానీ పంపినది పోగొట్టలేరు. అవతల భాగస్వామి దగ్గర ఎవరో ఒకరు తెరుస్తారు, ఇదేమిటని ఈ సంస్థను రాతపూర్వకంగా అడుగుతారు, ఆ అడిగినదానికి జవాబు చెప్పడానికి గెంగ్ పైవాళ్ళు కూడా అది చూడక తప్పదు. గెంగ్ చేతికి అందని చోటు ఈ హాల్లో ఏదీ లేదు. సరిహద్దు అవతల ఒక్కటుంది.

కెమెరా విప్పి, జేబులోంచి దాని తీగ తీసి తెంగ్ చేతిలో పెట్టాను. "దీన్ని బయటికి పంపగలవా?"

"అక్కా, నేను చెయ్యలేదని నాలుగు రోజులుగా మొత్తుకుంటున్నది ఈ పనే."

"ఇప్పుడు చెయ్యమంటున్నది నేను. కెమెరా ఇంకా నడుస్తోంది, అందులో నా గొంతు కూడా ఎక్కుతుంది."

తెంగ్ నా ముఖంలోకి చూసింది. తరవాత కుర్చీ లాక్కుని కూర్చుని తీగ తగిలించింది. అద్దం అవతల లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరు మనుషులు దిగారు. గెంగ్ మా వైపు తిరిగి వేలు చూపించాడు.

"జత చేశాను," అంది తెంగ్. వేళ్ళు మీటల మీద ఆగాయి. "కింద పాంగ్ అన్న ఇప్పుడు ఏదీ ఊరికే వదలడు. దీనికి పేరేం పెట్టను?"

ఆయన ఆపకుండా, అడగకుండా వదిలే పేరు ఒక్కటే ఉంది. ఆ పేరున్న మనిషి కోసం రేపటి నుంచి దేశమంతా వెతుకుతారు, ఈసారి ఆ మనిషి నిజంగా దొరుకుతుంది.

"నీలం అని పెట్టు," అన్నాను.